గుటక పడని నెలలు

ఇది రాయమని నన్నెవరూ అడగలేదు. గత నెలలో నాకు ఇద్దరు ఫోన్ చేశారు. ఒకావిడ కారంచేడు నుంచి, ఎవరి ద్వారానో నా నంబరు సంపాదించి, పక్కన ఎవరైనా వింటారేమో అన్నట్టు గొంతు తగ్గించి, "మీక్కూడా ముద్ద దిగేది కాదంట కదండీ, ఎట్లా తగ్గిందండీ?" అని అడిగింది. రెండో ఆయన పేరు కూడా చెప్పలేదు. తన భార్య గురించి అంటూ మొదలుపెట్టాడు గానీ, కాసేపటికి అది ఆయన సంగతేనని నాకు అర్థమైపోయింది. ఇద్దరికీ ఫోన్లో సరిగా చెప్పలేకపోయాను. రాస్తేనైనా కుదురుగా చెప్పగలనేమోనని కూర్చున్నాను. కుదురు నాకింకా పూర్తిగా రాలేదు. ఈ నాలుగు వాక్యాలు రాసేలోపే రెండుసార్లు లేచి వంటింట్లోకి వెళ్లొచ్చాను.

నా పేరు సునీత. బాపట్లలో ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ఉండేది తెనాలిలో. మా ఆయన పేరు ప్రభాకర్, ఒక ఆఫీసులో గుమస్తా. మాకు ఒక్కతే అమ్మాయి స్నేహ, ఇంటర్ రెండో సంవత్సరం. పొద్దున్నే పాసింజర్ ఎక్కి బాపట్ల వెళ్లడం, సాయంత్రం తిరిగి రావడం. పన్నెండేళ్లుగా అదే బతుకు. ఒంట్లో బాగోలేదని ఎప్పుడూ సెలవు పెట్టిన దాన్ని కాదు.

జూలై

మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో అందరం డబ్బాలు విప్పాం. నా డబ్బాలో కోడిగుడ్డు పులుసు. లెక్కల మేడమ్ ఏదో చెప్పి నవ్వించింది. నవ్వుతూనే గుడ్డు ముక్క నోట్లో పెట్టుకున్నాను. అది ఎటు పోయిందో తెలియలేదు. గాలి ఆగిపోయింది, అంతే. దగ్గు రాలేదు, మాట రాలేదు. ఎదురుగా ఉన్నవాళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నా కళ్లలో నీళ్లు చూసి నేనూ నవ్వుతున్నాననుకున్నారు. అరచేత్తో బల్ల మీద బాదాను. అప్పుడు పీఈటీ మాస్టారు ఒక్క అంగలో లేచి వచ్చి, వెనక నుంచి పట్టుకుని పొట్ట మీద గట్టిగా నొక్కారు. రెండోసారికి ముక్క బయటపడింది. అంతా కలిపి అర నిమిషం కూడా పట్టి ఉండదు.

మంచినీళ్లిచ్చారు. ఫ్యాను కింద కూర్చోబెట్టారు. "పెద్ద గండం గడిచింది మేడమ్" అన్నారు మాస్టారు. నాకు భయం కంటే సిగ్గు ఎక్కువేసింది. ఆ తర్వాతి పీరియడ్ కూడా చెప్పి, ఎప్పటి బండికే ఇంటికి వచ్చాను.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాను. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. నమిలాను. ఇంకా నమిలాను. గంధంలా మెత్తగా అయిపోయింది. నాలుక దాన్ని వెనక్కి తోసింది. అక్కడ ఆగింది. బాగా తెలిసిన మనిషి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది చూడండి, అచ్చం అలాగే. ఎట్లా మింగాలో నాకు గుర్తు రాలేదు. గుండె దడదడ కొట్టుకుంది. లేచి సింకులో ఉమ్మేశాను.

"గొంతు ఒరుసుకుపోయి ఉంటుంది, రేపటికి సర్దుకుంటుందిలే" అన్నారాయన. నేనూ అదే అనుకున్నాను. పాలు తాగి పడుకున్నాను.

సర్దుకోలేదు. మర్నాడు ఇడ్లీ దిగలేదు. ఆ వారాంతానికి అన్నం, చపాతీ, టిఫిన్లు అన్నీ పోయాయి. మజ్జిగ, పాలు, రాగిజావ మిగిలాయి. జావలో చిన్న ఉండ తగిలినా నోరు మూతబడిపోయేది.

ఆగస్టు

తెనాలిలో చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లాం. ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద టీవీలో వంటల కార్యక్రమం. ఎవరో పెనం మీద దోసె తిరగేస్తున్నారు. అది చూడలేక తల తిప్పుకుంటే పక్కన ఒక పెద్దావిడ కవరులోంచి పకోడీ తీసి నమిలి హాయిగా మింగుతోంది. ఆవిడ గొంతు కిందికీ పైకీ కదలడం రెప్ప వెయ్యకుండా చూశాను. ఆవిడ కవరు నా వైపు చాపి, "తీసుకోమ్మా" అంది. తల అడ్డంగా ఊపి లేచి వరండాలోకి వెళ్లిపోయాను.

డాక్టరు ముక్కులోంచి సన్నటి కెమెరా పెట్టి చూసి, "ఏమీ లేదమ్మా, అంతా శుభ్రంగా ఉంది" అన్నారు. ఆయన అంత సంతోషంగా చెబుతుంటే నేనూ సంతోషించాలి కదా. బయటికి రాగానే ప్రభాకర్ రోడ్డు పక్కన బండి ఆపి, "పద, ఈ పూట కడుపునిండా తిందువుగాని" అన్నారు. మెస్‌లో భోజనం పెట్టించారు. సాంబారన్నం మూడు మెతుకులు నోట్లో పెట్టుకుని పావుగంట కూర్చున్నాను. ఆయన తన విస్తరి పూర్తి చేసి, నా విస్తరి వైపు చూసి, చెయ్యి కడుక్కోవడానికి లేచారు.

తర్వాత గుంటూరు వెళ్లి ఇంకో డాక్టరు చేత అన్నవాహికలోకి గొట్టం వేయించాం. అక్కడా అదే మాట. "ఏమీ లేదు." జబ్బుందని చెబితే భయపడేదాన్నేమో గానీ, ఏమీ లేదన్న మాట విన్నప్పుడల్లా కాళ్ల కింద నేల కదిలినట్టుండేది. ఏమీ లేకపోతే మరి ఇదేంటి?

ఆ నెలలోనే పదో తరగతికి జీర్ణక్రియ పాఠం వచ్చింది. ఏటా చెప్పే పాఠమే. బోర్డు మీద నోరు, గొంతు, అన్నవాహిక బొమ్మ గీశాను. "మింగడం మన ఇష్టంతో మొదలవుతుంది. ముద్ద గొంతులోకి జారాక మన ఇష్టంతో పనిలేదు. మెదడు కింది భాగంలో మజ్జాముఖం ఉంటుంది, మిగతా పని అది చూసుకుంటుంది" అని చెప్పాను. మొదటి బెంచీలో ఉండే నాగలక్ష్మి లేచింది. "టీచర్, మొదలుపెట్టడమే రాకపోతేనో?" అంది. ఆ పిల్లకు నా సంగతేమీ తెలియదు, ఊరికే అడిగింది. చాక్‌పీసు నా చేతిలో విరిగింది. "అట్లా ఎవరికీ అవదులే, కూర్చో" అన్నాను. ఇరవై ఏళ్ల సర్వీసులో పిల్లలకు తెలిసి తెలిసి అబద్ధం చెప్పింది ఆ ఒక్కసారే.

సెప్టెంబరు

జాకెట్లు వదులయ్యాయి. గాజులు మోచేతిదాకా జారేవి. ఇంట్లో నా ముందు తినడం మానేశారు. స్నేహ కంచం తీసుకుని తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకునేది. నాకు బాధ కలగకూడదని అలా చేస్తోందని తెలుసు. అయినా ఆ తలుపు చప్పుడు వినబడగానే నాకు కోపం వచ్చేది. ఒకచోట కూర్చోలేకపోయేదాన్ని. ఉమ్ము మింగుతున్నానా లేదా అని చూసుకోవడం మొదలుపెట్టాను. చూసుకున్న కొద్దీ అదీ కష్టమైంది. చేతిలో ఎప్పుడూ రుమాలు ఉండేది. పరీక్ష పేపర్లు దిద్దుతుంటే మాత్రం గంటసేపు అసలు గుర్తే వచ్చేది కాదు. గుర్తు రాగానే గొంతు బిగుసుకుపోయేది.

మొదటి ఆదివారం చర్చిలో ప్రభు సంస్కారం తీసుకోవడానికి మోకరించాను. అయ్యగారు పల్చటి రొట్టె బిళ్ల నా నాలుక మీద పెట్టారు. చిన్నప్పటి నుంచీ తీసుకుంటున్నదే, అది దానంతటదే కరిగిపోయేది. ఆ రోజు అంగిలికి అతుక్కుని ఉండిపోయింది. కళ్లు మూసుకుని ప్రార్థన చేశాను. అది ప్రార్థన కూడా కాదు, మింగు మింగు అని నన్ను నేనే తిట్టుకోవడం. చివరికి రుమాల్లోకి తీశాను. పక్క వరసలో ఉన్న ఒకావిడ చూసింది.

ఆ రుమాలు ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. చెత్తబుట్టలో వేసేది కాదు, ఉతికేది కాదు. మూడు రోజులు బీరువాలో దాచి, నాలుగో రోజు తీసుకెళ్లి అయ్యగారి ముందు పెట్టి ఏడ్చాను. ఆయన రుమాలు తీసుకుని పక్కన పెట్టారు. "వచ్చే నెల కూడా రామ్మా. బిళ్లను ద్రాక్షారసంలో ముంచి నీ పెదవికి తాకిస్తాను. అంతవరకు చాలు" అన్నారు. నన్ను ఏమైందని అడగని మొదటి మనిషి ఆయన.

ఇంకో మనిషి ఉంది, పేరు తెలియదు. ఒకరోజు బాపట్ల బండిలో నిడుబ్రోలు దాటాక కళ్లు తిరిగి ఒరిగిపోయాను. పూలబుట్టతో ఎక్కిన ఒకామె నన్ను తన తొడ మీద పడుకోబెట్టుకుంది. చీర చెంగులోంచి బెల్లం ముక్క తీసి నా నోటికందించబోయింది. నేను పెదాలు బిగించాను.

"మింగొద్దులే తల్లీ. అట్టా బుగ్గన పెట్టుకో, అదే పోద్ది" అంది.

బుగ్గన పెట్టుకున్నాను. అప్పికట్ల వచ్చేసరికి బెల్లం లేదు. మరి ఎటు పోయింది? నేను మింగకపోతే ఎవరు మింగారు? ఆ ప్రశ్న రెండు రోజులు నన్ను నిలవనివ్వలేదు.

ఆ నెలాఖరున ఇంట్లో గొడవైంది. ప్రభాకర్ ఆఫీసు నుంచి వస్తూ పెరుగువడ తెచ్చారు, అది నాకెంతో ఇష్టం. గిన్నెలో వేసి నా ముందు పెట్టి ఎదురుగా కూర్చున్నారు. ఆయన చూస్తున్నారు. నేను చెంచా ఎత్తి మళ్లీ దించాను.

"ఏం లేదని ఇద్దరు డాక్టర్లు చెప్పారు. ఇంకెవరు చెప్పాలి నీకు?" అన్నారు.

"నాకు దిగట్లేదండీ."

"దిగట్లేదా, దింపట్లేదా? ఎవరికి చూపించడానికి సునీతా ఈ నాటకం?"

అనకూడని మాట అనేశానని ఆయనకు వెంటనే తెలిసింది, మొహంలో కనబడింది. కానీ వెనక్కి తీసుకోలేదు. మర్నాడు దసరా సెలవులకు బడి మూశారు. నేను రెండు చీరలు సంచిలో పెట్టుకుని రేపల్లె బండి ఎక్కాను.

అక్టోబరు

రేపల్లెలో మా అక్క విమల టైలరింగ్ షాపు నడుపుతుంది. నాకంటే ఆరేళ్లు పెద్ద. మెత్తగా మాట్లాడటం తనకు చేతకాదు. నన్ను గుమ్మంలో చూసి, "ఏమే, ఎముకల గూడులా అయ్యావు" అని మిషను ఆపకుండానే అంది. జాకెట్టు కుట్టడం పూర్తయ్యాకే లేచి వచ్చింది. వచ్చి నా భుజం పట్టుకున్నాక ఇక వదల్లేదు.

మూడు రోజులు నన్నేమీ అడగలేదు. పొద్దున జావ, మధ్యాహ్నం పల్చటి పప్పుకట్టు, సాయంత్రం పాలు. నేను హుక్కులు కుట్టేదాన్ని. నాలుగో రోజు కత్తెర పక్కన పెట్టి అడిగింది.

"నాన్నకొచ్చింది నీకూ వచ్చిందనుకుంటున్నావా?"

నేను డిగ్రీ చదివేటప్పుడు మా నాన్న అన్నవాహికలో క్యాన్సర్‌తో పోయారు. ఆఖరి నెలంతా చెంచాతో కొబ్బరినీళ్లు పోసింది నేనే. సగం తిరిగి బయటికి వచ్చేవి. తువ్వాలుతో తుడిచి మళ్లీ పోసేదాన్ని. ఆ సంగతి ఈ మూడు నెలల్లో ఒక్క డాక్టరుకూ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం. గొట్టం వేసి చూసి ఏమీ లేదన్నాక కూడా, వాళ్లకు కనబడలేదేమోలే అనుకునేదాన్ని. గొంతులో కాకపోతే మెదడులో గడ్డ ఉందేమో అనుకునేదాన్ని.

"లేచి పద" అంది అక్క. "మెదడు డాక్టరుకే చూపిద్దాం. ఉంటే ఉందని చెప్తాడు, లేకపోతే ఎందుకు దిగట్లేదో చెప్పమని నేనడుగుతా."

మళ్లీ తెనాలి. స్కానింగ్ గది బయట మేం కూర్చున్న బెంచీకి ఒక కాలు పొట్టి, కదిలినప్పుడల్లా టకటకమనేది. నేను కదలకుండా ఉండలేకపోయాను. అక్క తన చెప్పు తీసి ఆ కాలి కింద పెట్టింది. రిపోర్టు చేతికొచ్చింది. స్కాన్‌లో ఏమీ లేదు. డాక్టరు ఆ మాట అనగానే అక్క ముందుకు వంగింది.

"ఏం లేకపోతే మా చెల్లెలికి ముద్ద ఎందుకు దిగట్లేదండి?"

ఆయన విసుక్కోలేదు. నాన్న సంగతి, గుడ్డు సంగతి అన్నీ విన్నారు. "మింగే యంత్రాంగం బాగానే ఉందమ్మా. మొదలుపెట్టే చోట భయం కూర్చుంది. ఇది ఉత్త ఊహ కాదు, జబ్బే. నయమవుతుంది" అని చెప్పి, ఒక చీటీ రాసి, మాటలు రాని పిల్లలకూ మింగలేని వాళ్లకూ వైద్యం చేసే ఒకమ్మాయి దగ్గరికి పంపారు. జబ్బే అన్న ఆ ఒక్క మాటకు నేను ఆయన బల్ల మీద తలపెట్టి ఏడ్చేశాను.

ఆ అమ్మాయి పేరు హారిక. నా స్టూడెంట్ల వయసే అనిపించింది. ముందుగా నన్ను ఎక్స్‌రే గదికి తీసుకెళ్లింది. నిలబెట్టి, సుద్దనీళ్లలాంటి తెల్లటి మందు చెంచాడు నోట్లో పోసి, బొమ్మ కదులుతూ కనబడేలా ఎక్స్‌రే తీయించింది. నేను మింగడానికి చాలాసేపు పట్టింది. తర్వాత ఆ బొమ్మ తెర మీద వేసి చూపించింది. నా పుర్రె, నా దవడ, నాలుక మీద ఆ మందే నల్లటి ముద్దగా. ముద్ద ముందుకు, వెనక్కు, ముందుకు, వెనక్కు తిరుగుతోంది. తర్వాత హఠాత్తుగా గొంతు మొత్తం పైకి లేచింది, గాలిగొట్టం మీద మూత పడింది, ముద్ద మాయమైంది. రెప్పపాటులో అయిపోయింది.

"చూశారా మేడమ్? ఇక్కడిదాకా మీరు. ఇక్కడ్నించి మీరు కాదు" అంది.

"ఈ పాఠం నేను చెప్తానమ్మా పిల్లలకు."

"పాఠంలో కొంచెమే ఉంటుందండి. మింగాలని అనుకోగానే మెదడులో ఒక్కచోట కాదు, చాలా చోట్ల కదలిక వస్తుంది. నాలుకను కదిలించే చోటు, నోట్లో ఏముందో తెలిసే చోటు, ఇప్పుడా కాసేపాగా అని చూసే చోటు. అవన్నీ కలిసి సరేనంటే కింద మజ్జాముఖం పని అందుకుంటుంది. మీకు ఆ చూసే చోటే ఆగమంటోంది. ఒకసారి ప్రాణం మీదకు వచ్చింది కదా, అది మిమ్మల్ని కాపాడుతున్నాననుకుంటోంది."

తెర మీద నా గొంతు నేనే చూశాను. అది చక్కగా పనిచేస్తోంది. ఇంక తగ్గిపోయినట్టేననుకుని అక్క రేపల్లె వెళ్లిపోయింది. నేను ఇంటికి వచ్చాను. మర్నాడు పొద్దున ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుంటే ఎప్పటిలాగే ఆగిపోయింది. తెలుసుకోవడం వేరు, దిగడం వేరు.

నవంబరు

బడికి సెలవు పొడిగించి, వారానికి రెండుసార్లు హారిక దగ్గరికి వెళ్లేదాన్ని. మొదట చల్లటి నీళ్ల చుక్క. తర్వాత మెత్తగా చిదిపిన అరటిపండు, గోరంత. నోట్లో పెట్టుకుని ఏడు నుంచి వెనక్కి లెక్కపెట్టమనేది, లేదా పాఠం చెప్పమనేది. దిగిందా లేదా అని మాత్రం చూసుకోనిచ్చేది కాదు.

నా తర్వాత వంతు కోటయ్య తాతది. చేబ్రోలు దగ్గర పల్లె, వ్యవసాయ కూలీ. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, దాంతోపాటే మింగడమూ పోయింది. ముక్కులోంచి కడుపులోకి వేసిన గొట్టంలోనే పాలు, జావ. కూతురు అంకమ్మ ఆటోలో తీసుకొచ్చేది. ఆయన మాట ముద్దగా వచ్చేది గానీ వినగా వినగా నాకు అర్థమయ్యేది. ఆయనకు కావలసింది ఒక్కటే, గుక్కెడు టీ.

"రోజుకి ఆరు టీలు తాగే మనిషండి" అని అంకమ్మ చెప్పింది. "ఇప్పుడు ఆ వాసన వస్తే చాలు, మొహం అటు తిప్పుకుంటాడు."

ఒకరోజు హారిక ఆయనకు చిక్కటి జావ పావు చెంచా ఇచ్చింది. ఆయనకు భయమన్నది లేదు. ఆశగా నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బేదాకా ప్రయత్నించాడు. దగ్గు, మళ్లీ దగ్గు. మూడోసారి కొంచెం దిగింది. ఆయన కళ్లు మూసుకుని నోరు చప్పరించాడు. తర్వాత కుర్చీలో అరటిపండు గిన్నె పట్టుకుని కూర్చున్న నా వైపు చూశాడు.

"నీకేమైంది తల్లీ? నువ్వెందుకు మింగవు?"

కోపంగా అనలేదు. నిజంగా తెలియక అడిగాడు. ఆయనకు లేనిదంతా నా దగ్గర ఉంది, వాడుకోవడం చేతకావట్లేదు. ఇంటికి వెళ్లి పట్టుదలగా అన్నం నోట్లో కుక్కుకున్నాను. వాంతి అయింది. రెండు రోజులు నీళ్లు కూడా కష్టమయ్యాయి. హారికకు చెబితే, "సిగ్గుతో గొంతు తెరుచుకోదు మేడమ్, ఇంకా బిగుసుకుంటుంది" అని, మళ్లీ నీటి చుక్క దగ్గర నుంచి మొదలుపెట్టింది.

ఆ తర్వాతి వారం మా ఆయన్ని కూడా తీసుకురమ్మంది. ప్రభాకర్ పర్మిషన్ పెట్టి వచ్చి, చేతులు కట్టుకుని గోడ పక్కన నిలబడ్డారు. హారిక కుర్చీ చూపించింది.

"సార్, చిన్న పని చేస్తారా? నోట్లో ఏమీ లేకుండా ఐదుసార్లు గుటక వేయండి. గబగబా."

"అదెంత పని?" అని ఆయన ఒకటి మింగారు. రెండోది కాస్త ఆలస్యమైంది. మూడోదానికి మెడ ముందుకు చాచారు. నాలుగోది రాలేదు. పెదాలు బిగించి, గడ్డం పైకెత్తి, కళ్లు చిట్లించారు. నోరు తెరిచి, "రావట్లేదేంటి?" అన్నారు.

"ఎవరికైనా అంతేనండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకైనా ఉత్తగా మింగమంటే కాసేపటికి రాదు. మన ఇష్టం కొంతవరకే పనిచేస్తుంది" అంది హారిక.

ఆయన ఇంకోసారి ప్రయత్నించారు. నా వైపు చూశారు. ఆ చూపులో కంగారు కనబడింది. ఈ నాలుగు నెలలుగా అద్దంలో నేను చూస్తున్న మొహమే అది. నన్ను క్షమించమని ఆయన అనలేదు, అలా అనే మనిషి కాదు. బండి మీద ఇంటికి వస్తూ గాంధీచౌక్ దగ్గర రద్దీలో ఆగినప్పుడు, వెనక్కి తిరగకుండానే, "నాలుగోదానికే నాకు చెమట పట్టింది సునీతా" అన్నారు. ఆ పూట నుంచి ఇంట్లో ముగ్గురం ఒకే చోట కూర్చుని తినడం మొదలుపెట్టాం. నా కంచం వైపు ఎవరూ చూడకూడదని స్నేహ నియమం పెట్టింది. ముందుగా తప్పింది తనే.

డిసెంబరు, జనవరి

పాలలో నానిన ఇడ్లీ దిగింది. పెరుగన్నం గుజ్జులా కలిపితే దిగింది. వారం బాగుంటే రెండు రోజులు మొదటికొచ్చేది. మళ్లీ బడిలో చేరాను. స్టాఫ్ రూమ్‌లోకి వెళ్లలేక ల్యాబ్‌లో కూర్చుని తినేదాన్ని. పీఈటీ మాస్టారు ఏదో పని ఉన్నట్టు అక్కడికే వచ్చి, కిటికీ దగ్గర నిలబడి పేపరు చదువుకునేవారు. ఒక్కసారి కూడా పలకరించలేదు. ఆయన అక్కడ ఉన్నారన్న ధైర్యంతోనే చాలా ముద్దలు దిగాయి.

కోటయ్య తాత ఉన్నట్టుండి రావడం మానేశాడు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి మళ్లీ ఆస్పత్రిలో చేర్చారని అంకమ్మ ఫోన్లో చెప్పింది. ఆ వార్త విన్న రోజు నేనేమీ తినలేకపోయాను. జనవరిలో కోలుకుని మళ్లీ వచ్చాడు, చిక్కిపోయాడు. గొట్టం ఇంకా ఉంది. చిక్కటి జావ నాలుగు చెంచాలు తీసుకుంటున్నాడు. టీ ఇంకా లేదు. ఇది రాస్తున్న రోజుకు కూడా లేదు. నేను వెళ్లి కూర్చుంటే ఎడమ చెయ్యి నా తల మీద పెడతాడు.

ఫిబ్రవరి

మొన్న ఆదివారం అక్కను చూడటానికి మేమిద్దరం రేపల్లె బయల్దేరాం. స్నేహకు పరీక్షలు దగ్గరపడ్డాయి, ఇంట్లోనే ఉండిపోయింది. తెనాలిలో బండి కదిలేముందు ప్రభాకర్ ఉడకబెట్టిన వేరుశనక్కాయల పొట్లం కొనుక్కున్నారు. ఆయన కోసమే. హారిక నాకు రాసిచ్చిన వరుసలో వేరుశనగ అన్నిటికంటే ఆఖరున ఉంది, ఇంకో రెండు నెలల దాకా జోలికి వెళ్లొద్దంది.

వేమూరు దాటుతుండగా మాటల్లో స్నేహ సంగతి వచ్చింది. పరీక్షలయ్యాక కోచింగ్‌కి గుంటూరు హాస్టల్లో పెడదామన్నారాయన. నేను వద్దన్నాను.

"హాస్టల్లో అయితే నలుగురితో కలిసి చదువుతుంది."

"ఇంట్లో చదవట్లేదా? ఇన్నాళ్లూ నా గొడవలోనే అది సగం చదువు పోగొట్టుకుంది. ఇప్పుడు కాస్త బాగున్నాను అనేసరికి బయటికి పంపుతారా?"

"పంపడమేంటి, తరిమేస్తున్నట్టు మాట్లాడతావేంటి?"

"తరమడం కాక మరేంటండీ?"

ఎదురు సీటులో ఇద్దరు ముసలాళ్లు మా వైపే చూస్తున్నారు. నేను లెక్కచెయ్యలేదు. హాస్టల్ తిండి గురించి, ఆడపిల్లల గదుల గురించి, ఆయన మొండితనం గురించి చెప్పుకుంటూ పోయాను. ఆయన కూడా తగ్గలేదు. భట్టిప్రోలులో బండి ఆగింది. ఆయన హఠాత్తుగా మాట ఆపి నా ఒళ్లోకి చూశారు.

నేనూ చూశాను. చీర కుచ్చిళ్ల మీద డొల్లలు, దోసెడు.

"ఇవెవరు తిన్నారు?" అన్నాను.

"నేను ఒక్కటీ తినలేదు" అన్నారాయన మెల్లగా.

పొట్లం నా చేతిలోనే ఉంది. అడుగున కొన్ని కాయలు మిగిలాయి. ఒకటి ఒలిచి గింజ నోట్లో వేసుకున్నాను. ఈసారి తెలిసి వేసుకున్నాను. నమిలాను. మెత్తబడింది. నాలుక వెనక్కి తోసింది. అక్కడ ఆగింది. చెవుల్లో గుండె చప్పుడు వినబడింది. బండి కదిలింది.

ఆయన నా గొంతు వైపు చూడలేదు. కిటికీ వైపు తిరిగి, ఎదురు సీటువాళ్లు ఉలిక్కిపడేంత గట్టిగా, "నువ్వెన్నయినా చెప్పు, స్నేహను హాస్టల్లోనే పెడతాను. నీ మాట వినేది లేదు" అన్నారు.

"ఎట్లా పెడతారో నేనూ చూస్తాను" అన్నాను.

ఆ మాట అనడానికి నోరు ఖాళీగా ఉండాలి కదా.